చీలమండ మీది వేలిముద్ర

పోయిన వారం మనం లోయిస్‌ను వంటింటి కుళాయి దగ్గర వదిలేసి వచ్చాం. చేతిలో నాలుగు మెరుపు కాగితం ముక్కలు, కంట్లో నీళ్లు, కుళాయిలో అంతకంటే ఎక్కువ నీళ్లు. ఆ ముక్కలు భర్త మోజెస్ సంచిలో, ఒక కవరులో దొరికాయి. ముందువైపు నల్లపొడితో తేలిన వేలిముద్రలు. మూడింటి వెనక మోజెస్ గుండ్రటి అక్షరాలు. "గౌతమి, ఎడమ ముంజేయి, పది నిమిషాలు." "గౌతమి, ఎడమ ముంజేయి, అరగంట." "గౌతమి, ఎడమ ముంజేయి, గంట." నాలుగోదాని వెనక పేరు లేదు. ఒక నంబరు ఉంది, అంతే.

పెళ్లయి ముప్పై రెండు రోజులైన పిల్లకు నంబర్లు కనపడతాయా? పేరే కనపడింది. గంటసేపు! చీర కుచ్చిళ్లు పట్టుకోమంటే అరనిమిషానికే చేతులు నొప్పి అనే మనిషి, ఇంకొకామె ముంజేయి గంటసేపు పట్టుకున్నాడా? నాలుగింటినీ కుళాయి కింద పెట్టి, గిన్నె అడుగు తోమినట్టు తోమేసింది. నల్లపొడి సింకులోకి జారిపోయింది. కాగితాలు పాలమీగడలా తెల్లబడ్డాయి. వాటిని ఆరబెట్టి, ఏమీ ఎరగనట్టు మళ్లీ కవరులో పెట్టేసింది.

తెల్లవారేసరికి కోపం సగం దిగింది. కోపం ఎంతసేపని నిలుస్తుంది, కొత్త కాపురంలో? కొత్త కుక్కరు మూడో కూత కూసి ఆగింది. తీగ మీద ఆరేసిన మోజెస్ తెల్లచొక్కా మీద, ఖనిజం లారీలు రేపిన ఎర్రదుమ్ము అప్పుడే పలచగా వాలింది. బళ్ళారిలో ఆ ఏడు ఏ ఇంట్లోనూ తెల్లచొక్కా తెల్లగా ఉండలేదు. లోయిస్ దాన్ని దులుపుతూ, కాలరు దగ్గర ఎవరూ చూడకుండా ఒకసారి వాసన చూసి, తనలో తానే నవ్వుకుంది. వెంటనే ఆ ముంజేయి గుర్తొచ్చి నవ్వు మింగేసింది.

అప్పుడే వాకిట్లో నాగక్క గొంతు వినపడింది.

"లోయిసమ్మా, రొట్టెలు తీసుకుంటావా?"

నాగక్క వీధి వీధి తిరిగి జొన్నరొట్టెలు అమ్ముతుంది. వారం రోజులుగా రాలేదు. ఎలా వస్తుంది? ఆమె కొడుకు తిప్పేస్వామి లాకప్పులో ఉన్నాడు. అతను ఖనిజం లారీ డ్రైవరు. భార్య యంకమ్మ జీన్సు ప్యాంట్లు ఉతికే యూనిట్లో పనిచేసేది. ఆరు రోజుల కిందట, పట్టపగలు, వాళ్ల ఇంట్లోనే ఎవరో యంకమ్మ గొంతు నులిమారు. వసారాలో పడినదాన్ని రెండు కాళ్లూ పట్టుకొని లోపలి గదిలోకి ఈడ్చిన గీతలు నేల మీద ఉన్నాయి. తిప్పేస్వామి అనుమానపు మనిషని వీధి వీధంతా చెప్పింది. లోడు లారీని దారిలో ఆపి, ఇంటికొచ్చి, పెళ్లాం ఇంట్లో ఉందో లేదో చూసి పోయే రకం. పోలీసులకు ఇంకేం కావాలి?

నాగక్క బుట్ట దించి గడప మీద చతికిలబడింది.

"నా కొడుకు మంచోడని చెప్పను పాపా. ఆ పిల్లని ఒక ముద్ద సుఖంగా తిననీలే. కానీ చంపలే. ఆ పొద్దు వాడు లారీల లైన్లో ఉన్నాడు. మధ్యాన్నం మూడు గంటలు ఆ లైను కదల్లేదంట. నేను చెప్తే ఎవురింటారు?"

"దేవుడున్నాడు నాగక్కా."

"దేవుడు సరే, మీ ఆయప్ప గూడా ఉన్నాడు గదా! ఆ పిల్ల ఎడమకాలి చీలమండ మీద నుంచి అచ్చు తీసినాడంట. చచ్చిన మనిషి చర్మం మీద నుంచి వేలిముద్ర తీసేది మా తాతలు గూడా చూడలే. కాళ్లు పట్టి ఈడ్చినోని అచ్చు అది. నా కొడుకుది కాదని అదే చెప్పాల." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కుడికాలి మీద గూడా ఉండేదేమో. నేనే పాపిష్టిదాన్ని. మొగుడుండంగ పోయింది, ముత్తైదువ గదా అని పసుపు తెచ్చి కుడికాలికి రాస్తి. ఎడమకాలికి పోయేలోపల పోలీసోళ్లు వచ్చి, ఏయ్ ముట్టుకోవద్దు అనిరి. ఆ ఒక్క కాలే మిగిలింది పాపా. ఒక్కటే."

లోయిస్ చేతిలోని చొక్కా జారి కిందపడింది. పేరు లేని నాలుగో ముక్క. నంబరు మాత్రం ఉన్న ముక్క.

కుడికాలు నాగక్క పసుపుతో పోయింది. ఎడమకాలు తన కుళాయి కింద పోయింది.

మోజెస్ గడ్డానికి సబ్బు నురగతోనే బయటికి వచ్చాడు. జిల్లా పోలీసు వేలిముద్రల విభాగంలో సబ్ ఇన్‌స్పెక్టరు. పొడుగ్గా, సన్నగా, నవ్వితే కుడిబుగ్గ మీద చిన్న సొట్టతో ఉంటాడు. ఆ సొట్ట కోసమే లోయిస్ బీయెస్సీ చివరి పరీక్ష అయిన మర్నాడే ఒప్పుకుంది.

"నాగక్కా, నీ కొడుకుని రేపు కోర్టులో పెడతారు. ఈ సాయంత్రం ఆ ముక్క ఇన్‌స్పెక్టరు చేతికిస్తా. సరేనా? ఏడవద్దు."

నాగక్క చేతులెత్తి దండం పెట్టి, డబ్బులు వద్దని రెండు రొట్టెలు లోయిస్ చేతుల్లో పెట్టి పోయింది. అవి వేడివేడిగా అరచేతులకు తగిలాయి. లోయిస్‌కు అవి నిప్పుకణికల్లా అనిపించాయి.

"ఏమండీ, ఆ ముక్క... దానికి ఫోటో తీయలేదా?"

"గౌతమీ తీసింది. రీలు ఇంకా కడగలేదంట."

'గౌతమీ' అన్నప్పుడు ఆ చివరి దీర్ఘం ఎంత ముద్దుగా సాగదీస్తాడో! 'లోయిస్' అని పిలిస్తే సాగదీయడానికి చివర ఏమీ లేదు, టక్కున ఆగిపోతుంది. పేరు పెట్టేటప్పుడు అమ్మానాన్నలు ఇదంతా ఆలోచించరు.

"అంత ముఖ్యమైంది ఇంటికెందుకు తెచ్చారు?"

"ఆఫీసు బీరువాకు తాళం పాడైంది." అతను కవరును తెరవకుండానే సంచిలో పెట్టుకున్నాడు. "సిరిగేరిలో దొంగతనం కేసుంది. నాలుగు గంటలకు వస్తా. నీ రొట్టె నాకు ఒకటి ఉంచు."

బండి మలుపు తిరిగిందో లేదో, లోయిస్ చెప్పులేసుకొని వీధిలో పడింది. నాలుగు గంటలకు కవరు తెరుస్తాడు. నాలుగు తెల్లకాగితాలు బయటికొస్తాయి. అంతలోపల ఆ ఫోటో తన చేతికి రావాలి. అది ఎవరి దగ్గరుంది? లోకంలో ఎవరి గడప తొక్కకూడదని ఒట్టు పెట్టుకుందో ఆమె దగ్గరే!

* * *

గౌతమి వాళ్ల ఫోటో స్టూడియో బజారులో మేడమెట్ల పక్కన ఉంది. కౌంటరులో గౌతమి తండ్రి శ్రీమన్నారాయణ, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకొని, పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్నాడు.

"రామ్మా రా! ఆల్బం కోసమా? బైండింగుకు పోయిండాది. బలే పడినాడమ్మా మీ ఆయన, ప్రతి ఫోటోలో నవ్వే!"

పుండు మీద కారం అంటే ఇదే. పెళ్లి ఫోటోలు తీసింది గౌతమే. నూటపది ఫోటోల్లోనూ లోయిస్ చేతిలోని పూలగుత్తి వైపు చూస్తోంది. మోజెస్ మాత్రం కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు. కెమెరా వెనక ఎవరున్నారు? పెళ్లికూతురు పక్కన నిలబడి పెళ్లికొడుకు నవ్వింది ఎవరికి? ఈ లెక్క లోయిస్ ముప్పై రెండు రోజులుగా వేస్తూనే ఉంది.

"ఏమ్మే లోయిస్! కొత్త పెళ్లికూతురు ఇంత ఎండలో వస్తారా యాడన్నా?" గౌతమి లోపలి నల్లతెర తొలగించుకొని వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. మగవాళ్ల వాచీ, మోచేతి దాకా మడిచిన చొక్కా చేతులు. లోయిస్ చూపు నేరుగా ఎడమ ముంజేతి మీదికి పోయింది. నున్నగా ఉంది. ఒక్క మచ్చ కూడా లేదు. అదీ ఒక కోపమే.

"ఆయన పంపించారక్కా. ఆ... కాలి అచ్చు ఫోటో ఇయ్యమన్నారు."

"మోజెసప్ప పంపినాడా? ఫోను చేయకుండా నిన్ను పంపినాడా?"

"అవును."

"సుమ్నే, ఊరికే ఎందుకు అబద్ధం చెప్తావు పాపా? నీకు రాదు అది. చెవులు చూడు, ఎట్ల ఎర్రగా అయినాయో. పోలీసు కేసు ఫోటో పెళ్లాం చేతికిస్తే రేపు నన్ను పిలవరు. కాగితం మీద సంతకం పెట్టిచ్చుకొని రమ్మను."

"నీ చెయ్యి చూపించక్కా."

"ఏంది?"

"ఎడమ చెయ్యి. గంటసేపు ఆయన పట్టుకున్న చెయ్యి!"

శ్రీమన్నారాయణ కత్తెర ఆగిపోయింది. ఫోటోలోని ఎవరి చెవో సగం తెగి నిలిచింది. గౌతమి ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, గొల్లున నవ్వింది. అంతలా నవ్విందంటే కౌంటరు పట్టుకోవలసి వచ్చింది.

"నాయనా, వింటివా? ఈ పిల్ల నాకు సవితి అంట!"

ఆ నవ్వుతో లోయిస్‌కు ఉన్న కాస్త పట్టూ తెగిపోయింది. "నవ్వుకో అక్కా, నవ్వుకో. ఆ ముక్కలన్నీ కడిగేసినా నేను. నాలుగూ."

గౌతమి నవ్వు ఆగింది.

"నాలుగూనా?"

"నాలుగూ."

"అయ్యో దేవుడా! ఒక మనిషి ప్రాణమమ్మే అది! నీ కుళ్లుకు వాడు జైల్లో కూచోవాలా?" చెయ్యి పట్టి బరబరా లోపలికి లాక్కుపోయి నల్లతెర వేసింది. చీకటి గదిలో ఎర్రబల్బు ఒకటే వెలుగుతోంది. మందుల వాసన ముక్కులో గుచ్చుకుంది. "గంటసేపు పట్టుకున్నాడంటావా? విను. బొటనవేలు నా చేతి మీద పెట్టి, ఒకటి రెండు మూడు అని తీసేస్తాడు. అంతే ఆయప్ప పని. అది ఆరిపోకుండా ఎంతసేపు నిలుస్తాదో చూడాల గదా? ఆ గంటా నేను ఒక్కదాన్నే కూచోవాల, చెయ్యి యాడా ఆనించకుండా. ఈగ వాలినా తోలుకోగూడదు. వీపు గోక్కోడానికి మా నాయన్ని పిలిచినా! అది అయినాక ఈ మెరుపు కాగితం అదుముతాడు. చర్మం మీది నూనె కాగితానికి ఎక్కుతాది. దాని మీద అయస్కాంతం పుల్లతో నల్లపొడి ఆడిస్తాడు. గీతలు లేస్తాయి. సరిగ్గా వచ్చింది ఒక్కటే, పది నిమిషాలది. మిగతా రెండూ మసక మసక."

"నా చేతి మీద చేయొచ్చు గదా? నేను లేనా?"

"నేనూ అదే అంటి. ఏమన్నాడో తెలుసా? వద్దు గౌతమీ, ఆ నల్లపొడి రెండు దినాలు పోదు, మా లోయిస్ కొత్త చేతులకు అది అంటించలేను అన్నాడు."

లోయిస్ గుండెలో చక్కెర కరిగినట్టు అయింది. మా లోయిస్! కొత్త చేతులు! మరుక్షణమే ఇంకో ముల్లు లేచింది. అంత తీపి మాట తనతో అనకుండా ఈమెతో ఎందుకన్నట్టు?

గౌతమి తీగకు క్లిప్పులతో వేలాడదీసిన రీలును ఎర్రబల్బుకు అడ్డం పెట్టి చూసింది. "నీ అదృష్టం బాగుండాది. నిన్న ఒక బాప్తిస్మం ఫోటోలతో ఈ రీలు అయిపోయింది. పొద్దున్నే కడిగినా. మోజెసప్పకు ఇంకా చెప్పలే. ఇది ఉంటే చాలు, పక్కన కొలబద్ద పెట్టి తీసినా, కోర్టులో పనికొస్తాది. తిప్పేస్వామి వేళ్లతో పోల్చి చూసుకోవచ్చు."

లోయిస్ ఆ చీకటిగదిలోనే ఒకసారి కళ్లు మూసుకొని స్తోత్రం చెప్పుకుంది.

కాగితం మందులో పడింది. తెల్లకాగితం మీద ముందు ఏమీ లేదు. తర్వాత, నీళ్ల అడుగు నుంచి చేపపిల్లలు పైకొచ్చినట్టు, ఒక్కొక్క గీతే తేలింది. చుట్టుకుంటూ, విడిపోతూ, మళ్లీ కలుస్తూ. లోయిస్ ఎందుకొచ్చిందో మరిచిపోయి, చిన్నపిల్లలా ట్రే మీదికి వంగింది.

"ఎంత బాగుందక్కా!"

"చచ్చిన మనిషి కాలు అది. బాగుందంట!" గౌతమికి కూడా నవ్వొచ్చింది. "ఆగు, ఇంకోటి కడుగుతా. నువ్వు గంట గంట అని ఏడ్చినావే, నా చేతి మీది అచ్చు, ఆ పది నిమిషాలది గూడా ఇదే రీల్లో ఉండాది. వెలుతురు సరిపోతాదో లేదో చూసుకోడానికి ముందు దాన్నే తీసినా. ఇంటికి తీసుకపో. గోడకు తగిలించుకో. మీ ఆయప్ప బొటనవేలే గదా!"

రెండో కాగితం కూడా తేలింది. గౌతమి రెండింటినీ మందులోంచి తీసి, నీళ్లలో కడిగి, గాజుపలక మీద పక్కపక్కన అతికించి, మామూలు దీపం వేసింది.

లోయిస్ మొదట సరదాకే చూసింది. పెళ్లయిన మొదటి ఆదివారం, గుడి నుంచి వచ్చాక, మోజెస్ వంటింట్లో పాత పేపరు పరిచి ఆమె పది వేళ్లకూ సిరా రాసి అచ్చులు తీశాడు. తర్వాత తనవి తీశాడు. భూతద్దం ఇచ్చి, ఇది సుడి, ఇది ఉచ్చు, ఇక్కడ గీత రెండుగా చీలింది చూడు, అని అన్నం చల్లారిపోయేదాకా చెప్పాడు. ఆ అచ్చుల కాగితం ఆమె చీరల మడతల్లో ఇప్పటికీ ఉంది. భర్త కుడి బొటనవేలు ఆమెకు తన సొంత మొహమంత తెలుసు. నడిమధ్యన రెండు సుడులు, ఒకదాన్నొకటి వాటేసుకొని పడుకున్నట్టు. ఆ పైన, చిన్నప్పుడు రేకు కోసుకుపోయి, వంకరగా ఒక తెల్లగాటు.

కుడివైపు కాగితంలో, గౌతమి ముంజేతి మీద, ఆ రెండు సుడులున్నాయి. ఆ గాటు ఉంది.

ఎడమవైపు కాగితంలోనూ ఉన్నాయి.

"అక్కా, రెండూ ఒకటే కడిగినట్టున్నావు. నీ చేతిదే రెండుసార్లు."

"లేదమ్మే. చూడు, కొలబద్ద వేరే. దీనికింద చీలమండ ఎముకకు అదిమిన ముడత గూడా పడిం..." గౌతమి మాట మధ్యలో తెగింది. వంగి చూసింది. భూతద్దం తీసుకొని చూసింది. తీసి, చొక్కా అంచుతో అద్దం తుడిచి, మళ్లీ చూసింది.

లోయిస్ వేలు ఒక కాగితం మీది గాటు నుంచి రెండోదాని మీది గాటుకు పోయింది. కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

"అచ్చు తీసేటప్పుడు పొరపాటున తగిలుంటాదక్కా. ఆయన వేలు తగిలుంటాది."

"గ్లౌజులు తీయలే లోయిస్. గడప దాటకముందే వేసుకున్నాడు. ప్రతి ఫోటోలో ఉండాది. నేనే గదా తీసింది."

"అంతకుముందు ఎప్పుడో..."

"నీకు చెప్పలేదా ఆయప్ప? చర్మం మీద అచ్చు నిలిచేది గంటల్లోనే. నా చేతి మీద గంటకే మసకబారె. చచ్చినోళ్ల మీద అయితే కొంచెం ఎక్కువ. అంతే." గౌతమి గొంతు తగ్గింది. "ఆ పొద్దు మధ్యాన్నం యాడున్నాడు?"

"సిరుగుప్ప కోర్టులో సాక్ష్యం చెప్పాలని పోయినాడు." ఆ మాట తన నోటి నుంచే వినగానే, దాన్ని ఏ ఆరా లేకుండా ఎంత తేలిగ్గా నమ్మేసిందో లోయిస్‌కు తెలిసింది. ఆ సాయంత్రం అతని చొక్కాకు ఊళ్లోని ఎర్రదుమ్మే తప్ప సిరుగుప్ప దారి నల్లమట్టి ఒక్క మరకైనా లేదని ఉతికిన చేతులకు తెలుసు.

విచిత్రం ఏమిటంటే, ముందుగా వచ్చింది భయం కాదు. అసూయే వచ్చింది. నిన్నటిదాకా గౌతమి మీద పెంచుకున్నదంతా దీని ముందు పిల్లలాట. ముంజేయి ఎవరైనా పట్టుకుంటారు. డాక్టరు పట్టుకుంటాడు, గాజులమ్మేవాడు పట్టుకుంటాడు. చీలమండ ఎవరు పట్టుకుంటారు? ముప్పై రెండు రోజుల్లో మోజెస్ తన చీలమండ ఒక్కసారైనా పట్టుకున్నాడా? ఎన్నడూ చూడని యంకమ్మ, జీన్సు ప్యాంట్లు ఉతికి ఉతికి చేతులు నీలమెక్కిన యంకమ్మ, మట్టిలో కలిసి ఆరు రోజులైన యంకమ్మ ఇప్పుడు ఆమె కళ్లముందు కాళ్లు చాపుకొని కూర్చుంది. బతికున్న ఆడదానితోనైతే పోట్లాడొచ్చు. చచ్చినదానితో ఎలా పోట్లాడటం?

ఆ తర్వాత వచ్చింది భయం. ఆఫీసు బీరువా తాళం నిజంగానే పాడైందా? ఆ ముక్క ఇంటికెందుకు వచ్చింది? ఆరు రోజులుగా ఎవరికీ ఇవ్వకుండా సంచిలో ఎందుకుంది?

"ఇప్పుడేం చేస్తావమ్మే?" గౌతమి మెల్లగా అడిగింది. "ఇది ఇన్‌స్పెక్టరుకు పోతే తిప్పేస్వామి బయటికొస్తాడు. మీ ఆయప్ప లోపలికి పోతాడు. పోకపోతే నాగక్క కొడుకు లోపలే ఉంటాడు. ఆ కాగితం ముక్క నువ్వు కడిగేసినావు. ఇంక ఉండేది ఈ రీలొక్కటే. నువ్వు చూడనట్టే ఉండి పోతే, నేనేం అనను. కానీ నేను చూసినా."

లోయిస్ ఎడమవైపు కాగితాన్ని గాజుపలక మీద నుంచి ఒలిచింది. తడికి అది చేతికి అతుక్కుంది. దాని అంచుల నుంచి నీళ్లు మోచేతి దాకా కారాయి.

బయట బండి ఆగిన చప్పుడు. మెట్ల మీద బూట్లు.

"శ్రీమన్నారాయణప్పా, గౌతమి ఉందా?"

ఆ గొంతు లోయిస్‌కు తెలియకేం? గోడ గడియారంలో ఇంకా పదకొండున్నర కాలేదు. సిరిగేరి పోయి నాలుగింటికి వస్తానన్న మనిషి.

"లోపలుందప్పా. ఏం కావాల?"

"ఆ రీలు ఇచ్చేయమను. కడగాల్సిన పనిలేదు. అట్లే ఇచ్చేయమను."

"పొద్దున్నే కడిగింది గదప్పా! మీ ఇంటామె గూడా ఈడే ఉండాది."

బయట బూట్ల చప్పుడు ఆగిపోయింది. గౌతమి రీలును పిడికిట్లో చుట్టుకొని, ఇయ్యాలా వద్దా అన్నట్టు లోయిస్ కళ్లలోకి చూసింది. లోయిస్ నల్లతెరను చేత్తో పక్కకు తోసి, తడి కాగితంతో బయటి వెలుతురులోకి వచ్చింది.

"యంకమ్మ మీకు ఏమవుతుందండీ?"

మోజెస్ ఆమె మొహం చూడలేదు. ఆమె చేతిలోని కాగితం చూశాడు. చూస్తూనే, తన కుడిచెయ్యిని మెల్లగా ప్యాంటు జేబులోకి దోపుకున్నాడు.